ప్యాకేజీ లోపలికొచ్చాక ఎవరు చూస్తారు?

ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలోకి (లినక్స్‌నీ, దాని మీద నడిచే వేల ప్రోగ్రాముల్నీ కలిపి అందించే ప్రాజెక్టులు) ఒక ప్రోగ్రామ్ ప్యాకేజీగా రావాలంటే ముందు ఇంకొకరు దాన్ని రివ్యూ చెయ్యాలి. మొన్న ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నా ప్యాకేజీ రివ్యూకి పెట్టి నెలలు దాటింది, ఇప్పటిదాకా వచ్చింది ఒక్కటే కామెంటు, సమ్మరీ లైన్ చివర చుక్క తీసెయ్యమని. అసలు కోడ్ ఎవరైనా తెరిచి చూశారంటావా?" చుక్క సంగతికి నవ్వొచ్చింది గానీ ఆ చివరి ప్రశ్నకి ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకంటే చాలా రివ్యూల్లో కోడ్ ఎవరూ చదవరు. చదవాలని రూల్ కూడా లేదు. లైసెన్స్ చూస్తారు, ఫైళ్ళు సరైన చోట పడుతున్నాయా చూస్తారు, క్లీన్‌గా బిల్డ్ అవుతోందా చూస్తారు, పేరు రూల్ ప్రకారం ఉందా చూస్తారు, అన్నీ సరిపోతే ప్లస్ పెట్టి పంపేస్తారు. ఆ తర్వాత ఆ ప్యాకేజీ జోలికి రివ్యూయర్ అనేవాడు మళ్ళీ రాడు.

నేనూ ఖాళీ దొరికినప్పుడల్లా ఈ రివ్యూలు చేసే బాపతే. అతనికి రిప్లై రాద్దామని కూర్చుంటే చాంతాడంత అయింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. నేననేది ఏంటంటే, మన జాగ్రత్తంతా ప్యాకేజీ గుమ్మం దాటే ఆ ఒక్కసారి మీదే ఖర్చు పెట్టేస్తున్నాం, దాటాక ఇక పట్టించుకోం, కానీ ఇప్పటిదాకా మనకి గట్టిగా తగిలిన దెబ్బలు ఎప్పుడో లోపలికొచ్చి కూర్చున్న ప్యాకేజీల నుంచే తగిలాయి. కాబట్టి గుమ్మం దగ్గర పెట్టే టైమ్‌లో కొంత తీసి అప్‌డేట్ల మీద పెట్టాలి. గుమ్మమే పీకేద్దాం అనే వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నేను ఒప్పుకోను, ముందు ఆ సంగతి.

చుక్క వేరు, లైసెన్స్ వేరు

ఫెడోరా-రివ్యూ టూల్ రన్ చేస్తే ఒక పెద్ద టెంప్లేట్ వస్తుంది, తప్పనిసరి అంశాలు ఒక పక్క, ఉంటే మంచివి ఇంకో పక్క. కొన్ని టూలే నింపేస్తుంది, మిగతావి మనం ఒక్కొక్కటీ చూసి టిక్ పెట్టాలి. దాంతోపాటు ప్యాకేజీలో తప్పులు వెతికే ఆర్‌పీఎమ్‌లింట్ అనే టూల్ గొణుగుడు ఉంటుంది, సమ్మరీ చివర చుక్క ఉందని, ఫలానా మాటకి స్పెల్లింగ్ తప్పని (అది తప్పంటున్న మాట చాలాసార్లు ఆ ప్రాజెక్ట్ పేరే అయ్యుంటుంది). కొత్తగా వచ్చినవాళ్ళకి ఇవన్నీ ఒకే బరువున్నట్టు కనబడతాయి. చుక్క తియ్యమన్నవాడూ, లైసెన్స్ ఫైల్ ఏదీ అని అడిగినవాడూ ఒకలాగే విసిగిస్తున్నట్టు ఉంటుంది. "నేను కోడ్ రాసి ఇస్తుంటే వీళ్ళు కాగితాలు అడుగుతారేంటి" అని చిరాకు పడినవాళ్ళని చాలామందిని చూశా.

లైసెన్స్ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణే. ఒకసారి చిన్న ఇమేజ్ టూల్ ఒకటి రివ్యూకి తీసుకున్నా. పైన లైసెన్స్ ఫైల్‌లో ఎంఐటీ (ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చనే లైసెన్స్) అని బంగారంలా ఉంది. లోపల డేటా ఫోల్డర్‌లో ఒక ఫాంట్, దాని పక్కన చిన్న టెక్స్ట్ ఫైల్, వ్యాపారానికి వాడకూడదు అని. ఆ ప్రాజెక్ట్ రాసినాయనకే తెలీదు, బయటివాళ్ళెవరో పుల్ రిక్వెస్ట్‌లో, అంటే ఈ మార్పు కలుపుకోమని, పంపితే కలిపేసుకున్నాడు. చెప్పగానే వేరే ఫాంట్ పెట్టేశాడు, గొడవేం లేదు. నాకు అక్కడ ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, అన్నేళ్ళుగా ఆ టూల్‌ని అంతమంది వాడుతున్నా ఆ ఫోల్డర్ తెరిచిన బయటివాడు ఒక్కడూ లేడు. డెబియన్‌లో కాపీరైట్ ఫైల్ రాయాలంటే ఏ ఫైల్ ఎవరిది, ఏ లైసెన్స్ అని విడివిడిగా రాసుకుంటూ పోవాలి, దానికంటూ ఉన్న ఒక టీమ్ దాన్ని మళ్ళీ సరిచూస్తుంది. అందరూ తిట్టుకునే పనే అది. కానీ ఆ తిట్టుకునే పని వల్లే ప్రాజెక్ట్‌తో ఏ సంబంధం లేని మనిషి ఒకడు ఒక్కసారైనా ప్రతి ఫోల్డర్ తెరుస్తాడు. లాయర్ పని అనుకుని చేసేది కాస్తా ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది.

మరీ విడ్డూరమైన కేసులు కూడా ఉంటాయి. జేసన్ లైసెన్స్ అని ఒకటుంది, మామూలు ఎంఐటీ మాటలకి ఒక్క వాక్యం తగిలించారు, ఈ సాఫ్ట్‌వేర్‌ని మంచికే వాడాలి, చెడుకి వాడకూడదు అని. చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ దాన్ని డెబియనూ ఒప్పుకోలేదు, ఫెడోరా కూడా ఒప్పుకోలేదు, ఎందుకంటే ఎవరు ఏ పనికి వాడాలో లైసెన్స్ చెప్పడం మొదలుపెడితే అది స్వేచ్ఛగా వాడుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాదు, పైగా చెడు అంటే ఏంటో ఎవరు తేల్చాలి? ఆ ఒక్క వాక్యం వల్ల పీహెచ్‌పీ భాషలో జేసన్ డేటాని చదివే మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూషన్లు వేరేదానితో మార్చుకోవాల్సొచ్చింది. చాదస్తం అన్నారు. నాకు చాదస్తంగా అనిపించలేదు.

ఇంకొకళ్ళ లైబ్రరీని (చాలా ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడ్) కాపీ చేసి సొంత ఫోల్డర్‌లో పెట్టుకునే అలవాటు సంగతీ అంతే. 2022లో జెడ్‌లిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో చాలా ఏళ్ళుగా ఉన్న మెమరీ బగ్ ఒకటి బయటపడింది, సిస్టమ్‌లో ఉన్న జెడ్‌లిబ్ ప్యాకేజీ ఒక్కటి అప్‌డేట్ చేస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి, తమ కడుపులో సొంత కాపీ దాచుకున్నవి తప్ప. రివ్యూలో "ఈ థర్డ్ పార్టీ ఫోల్డర్ ఎందుకు" అని అడిగేది అందుకే, సరదాకి కాదు.

ఇదంతా సరే, ఇవన్నీ మొదటి రోజు చెకింగులే. ఆ ఇమేజ్ టూల్ తర్వాతి వెర్షన్‌లో మళ్ళీ ఇంకో ఫాంట్ వచ్చి చేరితే? మెయింటైనర్, అంటే ఆ ప్యాకేజీ బాధ్యత తీసుకున్న మనిషి, చూసుకుంటే చూసుకున్నట్టు, లేకపోతే లేదు. అడిగే రెండో మనిషి ఉండడు.

రెండు దెబ్బలు, రెండూ లోపలి నుంచే

మొదటిది పాతది, కొత్తవాళ్ళలో చాలామందికి తెలీదు. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో వాల్‌గ్రైండ్ అనే మెమరీ తప్పులు వెతికే టూల్ వార్నింగులు ఇస్తోందని రెండు లైన్లు పని చెయ్యకుండా కామెంట్ చేసేశారు. అందులో ఒకటి పోయినా నష్టం లేదు. రెండోది మాత్రం రాండమ్ నంబర్ జనరేటర్‌లోకి ఎంట్రపీ, అంటే ఎవరూ ఊహించలేని డేటా, కలిపే లైను. అది పోయాక ఎన్‌క్రిప్షన్ కీ తయారయ్యేటప్పుడు మారేదల్లా ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే, అంటే ఒక రకం మెషీన్ మీద ఒక సైజు కీకి మహా అయితే 32,768 రకాలు. ఎవరైనా కూర్చుని అన్నీ తయారుచేసి పెట్టుకోవచ్చు. 2008 మేలో బయటపడేదాకా ఆ డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద జనం అవే కీలు చేసుకుంటూ పోయారు. మెయింటైనర్ నిర్లక్ష్యంగా చేసింది కూడా కాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళని ముందే అడిగాడు, ఎవరూ వద్దనలేదు.

రెండోది అందరికీ తెలిసిందే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రాజెక్ట్. మొత్తం కథ మళ్ళీ చెప్పను. రివ్యూ చేసేవాళ్ళ వైపు నుంచి చూస్తే మాత్రం కొన్ని వివరాలు నన్ను ఇప్పటికీ వదలవు. జియా టాన్ అనే పేరుతో వచ్చిన మనిషి ఏళ్ళ తరబడి మంచి ప్యాచ్‌లు పంపి, అలిసిపోయి ఉన్న ఆ ప్రాజెక్ట్ పాత మెయింటైనర్ పక్కన చేరి, రిలీజులు చేసే స్థాయికి వచ్చాడు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (లోపలికి దొంగదారి) పెట్టాడు. అసలు సరుకు టెస్ట్ ఫైళ్ళ రూపంలో ఉంది, బిల్డ్ అయ్యేటప్పుడు దాన్ని నిద్రలేపే ఎం4 స్క్రిప్ట్ మాత్రం అందరికీ కనబడే గిట్ కోడ్‌లో లేదు, రిలీజ్ కోసం కట్టిన టార్‌బాల్ మూటలో మాత్రమే ఉంది. పైగా ఆ స్క్రిప్ట్ ఎక్కడ పడితే అక్కడ పని చెయ్యదు, ఎక్స్86-64 ప్రాసెసర్ ఉన్న లినక్స్ మీద డెబ్ గానీ ఆర్‌పీఎమ్ గానీ (డెబియన్, ఫెడోరాల ప్యాకేజీ రూపాలు) బిల్డ్ అవుతోందా అని చూసుకుని మరీ పని చేస్తుంది. అంటే మన పని ఎలా జరుగుతుందో, మనం ఏం చూస్తామో, ఏం చూడమో ఆ రాసినవాడికి మనకంటే బాగా తెలుసు. ఇంకోటి, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్ఎల్‌జెడ్ఎమ్‌ఏతో మామూలుగా ఏ సంబంధం లేదు, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీకి నోటిఫికేషన్ పంపడం కోసం డిస్ట్రిబ్యూషన్లు వేసుకున్న ప్యాచ్ వల్ల ఆ సంబంధం ఏర్పడింది. ఆ ప్యాచ్ కూడా మనదే!

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టాడు, ఆయన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్, సెక్యూరిటీ ఆయన పని కూడా కాదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందని తవ్వుకుంటూ పోయాడు. అప్పటికే ఆ బ్యాక్‌డోర్ డెబియన్ అన్‌స్టేబుల్‌లోకీ ఫెడోరా రాహైడ్‌లోకీ (కొత్త వెర్షన్లు ముందుగా వచ్చే శాఖలు) వచ్చేసింది.

ఈ రెండిట్లోనూ వాల్‌గ్రైండ్ ఉండటం చూశారా? ఎక్స్‌జెడ్ 5.6.0 వచ్చాక కూడా వాల్‌గ్రైండ్ ఎర్రర్లు వచ్చాయి, అవి బ్యాక్‌డోర్ వల్లే వస్తున్నాయని తెలీక వాటిని పోగొట్టడానికి ప్యాకేజీ చేసేవాళ్ళు ఆ జియా టాన్‌తోనే కలిసి పని చేశారు. 2006లో వార్నింగ్ నోరు మూయించబోయి ప్రాణం లాంటి లైన్ తీసేశారు, 2024లో వార్నింగ్ నిజంగానే ఏదో చెప్తోంది, దాని నోరూ మూయించారు. రెండుసార్లూ ప్యాకేజీ చాలా ఏళ్ళుగా లోపల ఉన్నదే. రెండుసార్లూ మన కొత్త ప్యాకేజీ చెక్‌లిస్టుకి అసలు పని పడలేదు.

"నువ్వు చూసుంటే దొరికేదా?"

ఈ మాట అన్నది నాతో పని చేసే ఒకాయన, సిస్టమ్ అడ్మిన్‌గా తల పండినవాడు. సూటిగా అడిగాడు. నేనూ సూటిగానే చెప్పా, ఆ టెస్ట్ ఫైల్ చూసి నేను పట్టుకునేవాణ్ణి కాదు. కంప్రెషన్ లైబ్రరీలో పాడైపోయిన కంప్రెస్డ్ ఫైల్ టెస్ట్ కోసం ఉంటే ఎవడికి అనుమానం వస్తుంది? టార్‌బాల్‌కీ గిట్ ట్యాగ్‌కీ (గిట్‌లో ఫలానా వెర్షన్ అని గుర్తు పెట్టిన కోడ్) డిఫ్ తీసుంటే, అంటే తేడా చూసుంటే, ఆ ఎం4 ఫైల్ కనబడేది, నిజమే, కానీ ఆటోటూల్స్ అనే బిల్డ్ టూల్స్ వాడే ప్రతి ప్రాజెక్ట్ టార్‌బాల్‌లోనూ గిట్‌లో లేని జనరేటెడ్ ఫైళ్ళు కుప్పలుగా ఉంటాయి, ఆ కుప్పలో ఇదొకటి. అది తెలిసే అక్కడ దాచాడు.

"మరింకెందుకు నీ అప్‌డేట్ రివ్యూలు" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు తిన్నది. నాకు తట్టింది ఇదీ. దొంగని ఆపాలంటే ప్రతిసారీ పట్టుకోనక్కర్లేదు, ప్రతి రిలీజ్‌కీ ఎవడో ఒక పరాయివాడు వచ్చి "ఈ ఫైల్ గిట్‌లో లేదేంటి, ఎందుకు" అని అడుగుతాడని తెలిస్తే చాలు, వాడు వేసుకునే ప్లానే వేరేగా ఉంటుంది, ఇంకా కష్టమైనది వెతుక్కోవాలి. ఇప్పుడైతే అడిగేవాడు లేడు. ఇంకో సంగతి, ఆ కుప్పని కూడా తగ్గించొచ్చు, జనరేటెడ్ ఫైళ్ళు పారేసి మనమే మళ్ళీ జనరేట్ చేసుకుంటే, లేదా నేరుగా గిట్ ట్యాగ్ నుంచే బిల్డ్ చేస్తే, దాక్కోడానికి ఉన్న చోటు సగం పోతుంది. ఎక్స్‌జెడ్ తర్వాత ఈ చర్చ గట్టిగా నడిచింది, అక్కడక్కడా మారుతున్నారు కూడా. పూర్తిగా పట్టుకుంటాం అని నేననను. ఆయన కూడా పూర్తిగా ఒప్పుకోలేదు, "అలాంటివాడు నీ పరాయివాణ్ణి కూడా తనే పంపిస్తాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

గట్టి ఎదురు వాదన ఇంకోటి ఉంది, అది ఓపెన్‌సూసే అనే డిస్ట్రిబ్యూషన్ నుంచి వస్తుంది. నిజానికి నేను కోరుకునేదానికి దగ్గరగా ఉన్నది వాళ్ళ పద్ధతే. డీ-బస్ సర్వీసులు (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి), పోల్‌కిట్ రూల్సు (ఎవరికి ఏ అనుమతి అని చెప్పేవి), సెట్‌యూఐడీ ప్రోగ్రాములు (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిచేవి), ఇలా రూట్ (సర్వాధికారాలున్న యూజర్) దాకా దారి ఉన్నవన్నీ వాళ్ళ సెక్యూరిటీ టీమ్ చూసి వైట్‌లిస్ట్ చెయ్యాలి, అంటే ఒప్పుకున్న జాబితాలో పెట్టాలి, ఆ వైట్‌లిస్టులో చాలావాటికి ఫైల్ చెక్‌సమ్ (ఫైల్ మారితే మారిపోయే గుర్తు) కూడా ఉంటుంది, ఆ ఫైల్ మారితే మళ్ళీ చూడాల్సిందే. బాగుంది కదా. కానీ 2025 మేలో వాళ్ళు డీపిన్ అనే డెస్క్‌టాప్‌ని మొత్తంగా తీసెయ్యాల్సొచ్చింది. ఎందుకంటే డీపిన్ భాగాల రివ్యూలు ఏళ్ళ తరబడి తెగలేదు, చూసినప్పుడల్లా సెక్యూరిటీ సమస్యలు బయటపడుతూనే ఉన్నాయి, ఈలోపు ప్యాకేజీ చేసేవాళ్ళు ఒక అడ్డదారి కనిపెట్టారు. డీపిన్-ఫీచర్-ఎనేబుల్ అని ఒక ప్యాకేజీ, అది యూజర్‌కి లైసెన్స్ అగ్రిమెంట్ లాంటి ఒక డైలాగ్ చూపిస్తుంది, ఒప్పుకుంటే వైట్‌లిస్ట్ కాని ఫైళ్ళని తెచ్చి సిస్టమ్‌లో పడేస్తుంది. అది 2021 నుంచి లోపలే ఉంది! ఎవరూ గమనించలేదు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. రివ్యూ ఆలస్యమైతే, కఠినమైతే జనం గోడ దూకుతారు, కాబట్టి తేలిక చెయ్యండి అని ఒకటి. గోడ దూకినట్టు నాలుగేళ్ళు తెలీలేదంటే ఆ మామూలు ప్యాకేజీని, రూట్‌తో సంబంధం లేనట్టు కనబడేదాన్ని, లోపలికొచ్చేటప్పుడూ వచ్చాకా ఎవరూ చదవలేదు కాబట్టి అని రెండోది. నేను రెండో వైపే మొగ్గుతా, అయినా మొదటిది అబద్ధం అనలేను. నెలల తరబడి జవాబు లేకుండా కూర్చున్నవాడి ఓపిక కూడా మనం ఖర్చు పెడుతున్న వనరే, ఆ లెక్క మనం ఎక్కడా రాసుకోం.

రేపు ఎవరుంటారు

చెక్‌లిస్టులో లేని ప్రశ్న ఒకటి నేను ఎప్పుడూ అడుగుతా. దీన్ని ఎన్నాళ్ళు చూసుకుంటావు, నువ్వు మానేస్తే ఎవరు చూస్తారు?

ఒకతను తన ఆఫీసు ప్రాజెక్ట్ కోసం ఒక నెట్‌వర్క్ డీమన్‌ని (వెనకాల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రామ్) ప్యాకేజీ చేశాడు, స్పెక్ ఫైల్ (ప్యాకేజీ ఎలా కట్టాలో రాసుకునే ఫైల్) చక్కగా ఉంది, వేలు పెట్టడానికి లేదు. ఈ ప్రశ్న అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు, ప్రాజెక్ట్ అయిపోతే నాకు దీంతో పనుండదండి అని. మరైతే మీ ఆఫీసు రిపాజిటరీలోనే పెట్టుకోండి, డిస్ట్రిబ్యూషన్‌లోకి ఎందుకు అన్నా. అతనికి కోపమొచ్చింది, గైడ్‌లైన్స్‌లో ఈ రూల్ ఎక్కడుందో చూపించండి అన్నాడు. నిజమే, ఎక్కడా లేదు. ఇంకో రివ్యూయర్‌ని పట్టుకున్నాడు, మధ్యాహ్నానికల్లా అప్రూవ్ అయింది. ఆ ప్యాకేజీ ఇప్పుడు అనాథ జాబితాలో ఉంది. ఈలోపు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు, వాళ్ళ మెషీన్లలో అది ఇంకా పోర్ట్ తెరుచుకుని నడుస్తూనే ఉంటుంది.

ఇది అడగడం అసాధ్యమేం కాదు. ఉబుంటులో ఒక ప్యాకేజీ యూనివర్స్ (వాలంటీర్లు చూసుకునే భాగం) నుంచి మెయిన్‌లోకి (కంపెనీ చూసుకునే భాగం) రావాలంటే ఎమ్‌ఐఆర్ అని ఒక ప్రాసెస్ ఉంది, అందులో దీని బగ్గులకి ఏ టీమ్ బాధ్యత తీసుకుంటుంది అని రాతపూర్వకంగా అడుగుతారు, అవసరమైతే సెక్యూరిటీ టీమ్ కోడ్ కూడా చూస్తుంది. వెనక జీతాలిచ్చే కంపెనీ ఉంది కాబట్టి వాళ్ళకి కుదిరింది, వాలంటీర్లని పట్టుకుని ఐదేళ్ళు ఉంటానని రాసివ్వమంటే ఎవరిస్తారు అంటారు. ఇవ్వరు. నేనూ ఇవ్వను. నాకు కావాల్సింది హామీ కాదు, ఆ ప్రశ్నకి ఏదో ఒక జవాబు రికార్డులో ఉండటం, "ప్రస్తుతానికి నేనొక్కణ్ణే" అని ఉన్నా సరే, ఇన్‌స్టాల్ చేసుకునేవాడికి అది కనబడాలి.

డెబియన్‌లో ఇంకో తమాషా ఉంది. ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి ప్రకారం అప్‌డేట్‌లో లోపల కోడ్ మొత్తం మారిపోయినా ఎవరూ ఆపరు, కానీ లైబ్రరీ వెర్షన్ మారి బైనరీ ప్యాకేజీ పేరు చివర అంకె మారితే మాత్రం మళ్ళీ న్యూ క్యూలోకి, అంటే కొత్త ప్యాకేజీలు చెకింగ్ కోసం ఆగే వరుసలోకి, వెళ్ళి కూర్చోవాల్సిందే. పేరు మారితే మళ్ళీ చూడొచ్చు అన్నప్పుడు, బిల్డ్ స్క్రిప్ట్ మారితే మళ్ళీ చూడకూడదా?

మనుషులెక్కడున్నారు

అసలు చిక్కు ఇదే, దాటవెయ్యను. వేల ప్యాకేజీలు, వారం వారం అప్‌డేట్లు, చూసేవాళ్ళు పిడికెడు మంది. అందుకే అన్నీ చూడమనట్లేదు. రూట్‌గా నడిచేవి, నెట్‌వర్క్ మీద వినేవి, సగం సిస్టమ్ లింక్ అయ్యే లైబ్రరీలు, వీటి అప్‌స్ట్రీమ్, అంటే అసలు ప్రాజెక్ట్, నుంచి కొత్త రిలీజ్ వచ్చినప్పుడు మాత్రం మెయింటైనర్ కాని ఇంకొక మనిషి కాసేపు చూడాలి. కోడ్ లైన్ లైన్ చదవక్కర్లేదు. టార్‌బాల్ ట్యాగ్‌తో కలుస్తోందా, కొత్తగా ఏ బైనరీ ఫైల్ వచ్చింది, బిల్డ్ స్క్రిప్టుల్లో ఏం మారింది, రిలీజ్ సంతకం చేసింది పోయినసారి మనిషేనా. వీటిలో చాలావరకు టూల్ తీసి చూపించగలదు, మనిషి చెయ్యాల్సింది చూసి ఎందుకు అని అడగడం.

టైమ్ ఎక్కణ్ణుంచి అంటే, చుక్కల దగ్గర్నుంచి. సమ్మరీ చివర చుక్క టూలే తీసెయ్యొచ్చు, దానికి మనిషి కామెంట్ రాయడం, కొత్తవాడు మళ్ళీ స్పెక్ అప్‌లోడ్ చెయ్యడం, మళ్ళీ రెండు వారాలు ఎదురుచూడటం దేనికి? ఫార్మాటింగ్ గోల మొత్తం మెషీన్‌కి అప్పగించేస్తే రివ్యూయర్ టైమ్ కొంత మిగులుతుంది, ఎంత మిగులుతుందో చేస్తే గానీ తెలీదు.

రివ్యూ స్వాప్ అని మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది, నా ప్యాకేజీ నువ్వు చూడు, నీది నేను చూస్తా అని. అందులో కొత్త ప్యాకేజీకి బదులు పాత ప్యాకేజీ అప్‌డేట్ డిఫ్ ఒకటి చూసిపెట్టినా స్వాప్ కింద లెక్కేసుకోవచ్చు అంటే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. కంప్రెషన్ లైబ్రరీలతో మొదలుపెడదామని నా ఓటు. చూసినవాళ్ళు ఏం చూశారో, ఏం అడిగారో, అవతలివాళ్ళు ఏం చెప్పారో ఒక చోట రాస్తూ పోవాలి. ఒక రిలీజ్ సైకిల్ అయ్యాక ఆ లెక్క చూస్తే ఇది పనికొచ్చేదా, ఇంకో చెక్‌లిస్టు తయారైందా అన్నది తేలిపోతుంది, రెండోదైతే ఆపేద్దామని ముందు నేనే అంటా.